శుభలేఖల డబ్బా, ఉప్పు ప్యాకెట్టు, రెండు చెవులు

జనవరి 20

సంక్రాంతికి వచ్చిన పిల్లలు నిన్న హైదరాబాద్ వెళ్ళిపోయారు. ఇల్లు సర్దుతుంటే పాత ఆఫీసు రిజిస్టరు ఒకటి దొరికింది. సగం పేజీలు ఖాళీ. ఇందులోనే రాసుకుంటాను.

పండగ నాలుగు రోజుల్లో రెండుసార్లు స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోయాను. కనుమ నాడు మా విశాఖపట్నం పూర్ణా మార్కెట్లో ఒకావిడ పలకరించింది. ఆరేళ్ళు పక్కపక్క సీట్లలో పనిచేశాం. పది నిమిషాలు నిలబడి మాట్లాడుకున్నాం. ఆవిడ పేరు మాత్రం నాకు రాత్రి పడుకున్నాక గాని గుర్తు రాలేదు.

నాకు 63 ఏళ్ళు. 1984లో ట్రంక్ ఎక్స్‌ఛేంజీలో, అంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోన్లు కలిపే చోట, ఆపరేటరుగా చేరాను. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ కాల్స్ రోజులు అవి. డైరెక్టరీ తెరవకుండా నంబర్లు చెప్పేదాన్ని. షాపులవి, నర్సింగ్ హోములవి, ఇంకా విజయనగరం, శ్రీకాకుళం ఎక్స్‌ఛేంజీల్లో ఎవరి డ్యూటీ ఎప్పుడో కూడా తెలిసేది. అలాంటి నాకు ఒక పేరు తట్టకపోతే భయం వేసింది.

భయానికి ఇంకో కారణం అమ్మ. 78వ ఏట మతిమరుపు జబ్బు మొదలైంది ఆమెకు. చివరి నాలుగేళ్ళు నన్ను ‘అక్కా’ అని పిలిచింది. మన దేశంలో 60 దాటిన వాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) ఉందని 2023లో వచ్చిన అంచనా. అమ్మ ఉన్నప్పుడు ఈ లెక్కలేవీ నాకు తెలియవు. పెద్దవాళ్ళయ్యారు, మామూలే అనుకున్నాం.

లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక గురించి మా అమ్మాయి ఫోన్లో చదివి చెప్పింది. డిమెన్షియాకు మనం మార్చుకోగలిగిన కారణాలు 14 ఉన్నాయట. 2017లో 9 అన్నారు, 2020లో 12, ఇప్పుడు 14. చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, బీపీ, షుగర్, పొగ, మందు, ఊబకాయం, కదలకపోవడం, డిప్రెషన్, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం, ఒంటరితనం ముందు నుంచీ ఉన్నాయి. చూపు తగ్గడం, చెడ్డ కొలెస్టరాల్ కొత్తగా చేరాయి. వీటన్నిటినీ జనం మొత్తం మీద అదుపు చేయగలిగితే 45 శాతం దాకా డిమెన్షియా కేసులను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని లెక్క. నా ఒక్కదానికి ఇంత తగ్గుతుందని దాని అర్థం కాదు. వయసునూ, తల్లిదండ్రుల నుంచి వచ్చినదాన్నీ ఎవరూ మార్చలేరు. మిగిలినదాని మీద ఏడు నెలలు పనిచేస్తాను. ఏం చేశానో, ఏం కొలిచానో, ఏది ఉపయోగపడలేదో అన్నీ ఇక్కడ రాస్తాను.

జనవరి 22

డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాం. తాళం ఎక్కడ పెట్టానో మరిచిపోవడం వేరు, తాళం ఎందుకో మరిచిపోవడం వేరు అని ఆయన ముందే చెప్పారు. తెలిసిన దారిలో తప్పిపోవడం, డబ్బు లెక్క తేలకపోవడం, అడిగిందే గంటలో నాలుగుసార్లు అడగడం, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. మన కంటే ముందు ఇంట్లో వాళ్ళు గమనిస్తారట. అందుకే మా వారిని కూడా కూర్చోబెట్టి అడిగారు.

ఒక పరీక్ష పెట్టారు. గడియారం గీసి పదకొండూ పది చూపించమన్నారు. వంద నుంచి ఏడేసి తీసేయమన్నారు. ఐదు మాటలు చెప్పి కాసేపటికి అడిగారు. మూడు చెప్పగలిగాను. 30కి 26 వచ్చింది. ప్రస్తుతానికి భయం లేదు గాని రక్తపరీక్షలు చేయించమన్నారు. థైరాయిడ్, బీ12, షుగర్, కొలెస్టరాల్. థైరాయిడ్ తక్కువైనా, బీ12 తక్కువైనా మతిమరుపు వస్తుంది. అది సరిచేయగలిగినది. కాబట్టి ముందు వీటిని చూడాలి.

ఇవాళే కొత్త ఉప్పు ప్యాకెట్టు విప్పి దాని మీద తేదీ వేశాను. ఆ కారణాల్లో బీపీ కూడా ఉంది కదా, ఒక కిలో ఇద్దరికి ఎన్ని రోజులు వస్తుందో చూడాలి.

జనవరి 30

బీపీ మిషన్ కొని వారం రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసుకున్నాను. దీనికీ ఒక పద్ధతి ఉంది. నేను ఇన్నాళ్ళూ తప్పే చేశాను. ముందు అరగంట టీ, కాఫీ తాగకూడదు. కుర్చీకి ఆనుకుని, కాళ్ళు నేల మీద ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ కట్టిన చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావి సగటు తీయాలి. నాది 148/90 వచ్చింది. ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85 దాటితే ఎక్కువే.

మందు మొదలుపెట్టారు. ‘తలనొప్పి కూడా లేదు కదండీ, బీపీకీ మతిమరుపుకీ ఏం సంబంధం’ అని అడిగాను. శరీరం బరువులో మెదడు రెండు శాతమే ఉన్నా, వాడుకునే శక్తి మొత్తంలో ఐదో వంతు దానిదే. ఆ శక్తి వెళ్ళేది సన్నటి రక్తనాళాల గుండా. ఏళ్ళ తరబడి ఒత్తిడి ఉంటే ముందు దెబ్బతినేవి అవే. అమెరికాలో స్ప్రింట్ మైండ్ అనే పరిశోధనలో పై అంకెను 120 కంటే కిందకు తెచ్చినవాళ్ళను, 140 కంటే కింద ఉంచినవాళ్ళను పోల్చారు. 2019లో ఫలితాలు వచ్చాయి. మొదటి గుంపులో తేలికపాటి మతిమరుపు దశ తక్కువ మందికి వచ్చింది. డిమెన్షియా కూడా తగ్గిందని గట్టిగా చెప్పేంత తేడా మాత్రం రాలేదు. నా లక్ష్యం ఎంతో డాక్టరు గారే చెబుతారు. నా అంతట నేను మాత్ర పెంచుకునేది లేదు.

బీ12 168 ఉంది, తక్కువ. చేపలు తినే ఇంట్లో ఇదేమిటని నాకు ఆశ్చర్యం. ఎనిమిదేళ్ళుగా పొద్దున్నే వేసుకునే ఎసిడిటీ మాత్ర ఒక కారణం కావచ్చన్నారు. ఇంజెక్షన్లు రాశారు. నిద్ర పట్టడానికి అప్పుడప్పుడూ జలుబు మాత్ర వేసుకునే అలవాటు ఉంది నాకు. దాన్ని పూర్తిగా మానేయమన్నారు. పాత రకం జలుబు మాత్రలు నిద్ర తెప్పించినా, పెద్దవాళ్ళలో జ్ఞాపకశక్తిని మసకబారుస్తాయట. వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి చూపించడం మంచిదైంది. లేకపోతే ఇది బయటపడేది కాదు.

ఫిబ్రవరి 8

మనవడు పండక్కి వచ్చినప్పుడు ఫోన్లో మెదడు ఆటల యాప్ ఒకటి పెట్టి వెళ్ళాడు. మూడు వారాలు రోజూ ఆడాను. రంగులు కలిపే ఆటలో చాలా పైకి వెళ్ళాను. నిన్న మళ్ళీ పాలు పొంగాయి.

చదివితే విషయం తెలిసింది. అమెరికాలో 2,832 మంది పెద్దవాళ్ళ మీద చేసిన యాక్టివ్ అనే పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. ఏ నైపుణ్యంలో శిక్షణ ఇస్తే అందులోనే మెరుగయ్యారు. జ్ఞాపకానికి శిక్షణ పొందినవాళ్ళు జ్ఞాపకంలో, వేగానికి పొందినవాళ్ళు వేగంలో. ఒకదాని లాభం ఇంకోదానికి అంత సులువుగా పాకదు. రంగులు కలిపితే రంగులు కలపడమే వస్తుంది. అలాంటప్పుడు నాకు నిజంగా కావలసినవే సాధన చేయాలి కదా. మనుషుల పేర్లు, నంబర్లు, ఒక కొత్త భాష. యాప్ తీసేశాను.

ఫిబ్రవరి 11

ఇవాళ డబ్బా తయారైంది. ఎలా చేశానో వివరంగా రాస్తాను, ఎవరైనా చేసుకోవచ్చు.

మా ఇంట్లో పాత శుభలేఖలు బీరువా నిండా ఉన్నాయి. దేవుడి బొమ్మ ఉందని పారేయడానికి మనసొప్పదు. బొమ్మ ఉన్నవి పక్కన పెట్టి, లోపలి దళసరి అట్టలను మూడంగుళాలు, రెండంగుళాలు కొలిచి కత్తిరించాను. 160 కార్డులు వచ్చాయి. బూట్ల డబ్బాలో అట్టముక్కలు నిలబెట్టి ఐదు గదులు చేశాను. మా వారు గమ్ టేపు వేసి, గదులకు నంబర్లు రాసిపెట్టారు.

కార్డుకు ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు. కొత్త కార్డు ఒకటో గదిలో ఉంటుంది, రోజూ చూడాలి. తిప్పకుండా జవాబు చెప్పగలిగితే రెండో గదికి వెళుతుంది, దాన్ని రెండు రోజులకోసారి చూడాలి. మూడోది నాలుగు రోజులకు, నాలుగోది ఎనిమిది రోజులకు, ఐదోది పదహారు రోజులకు. ఎక్కడ తప్పినా సరే మళ్ళీ ఒకటో గదికి రావాలి. లైట్నర్ అనే జర్మన్ జర్నలిస్టు 1970లలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. దీని వెనక ఉన్న సంగతి ఇంకా పాతది. నేర్చుకున్నది ఎంత త్వరగా మరిచిపోతామో 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన తన మీద తానే ప్రయోగం చేసుకుని లెక్క కట్టాడు. మరిచిపోబోయే సమయానికి మళ్ళీ తలుచుకుంటే అది గట్టిపడుతుంది. పదిసార్లు చదవడం కంటే, చూడకుండా ఒకసారి చెప్పడానికి తంటాలు పడటమే ఎక్కువ పని చేస్తుంది.

మొదటి 30 కార్డులూ పేర్లే. మా అపార్ట్‌మెంట్లో వాళ్ళు, రైతుబజార్లో కూరలమ్మే ఆవిడ, మందుల షాపు అబ్బాయి, పనమ్మాయి పిల్లలు. మూడేళ్ళుగా చూస్తున్నాను, మందుల షాపు అబ్బాయి పేరు ఇవాళ అడిగి తెలుసుకున్నాను.

ఫిబ్రవరి 25

నడక. పెదవాల్తేరు నుంచి చినవాల్తేరు మీదుగా బీచ్ రోడ్డుకు దిగి, కాళీమాత గుడి దాకా వెళ్ళి వస్తున్నాను. పొద్దున పూట ఆ రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వరు కాబట్టి ధైర్యంగా నడవొచ్చు. వెళ్ళేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. మన ఊళ్ళో ఎక్కడికి నడిచినా ఎత్తుపల్లాలే, వ్యాయామానికి అంతకంటే ఏం కావాలి? మొదటి వారం ఎక్కేటప్పుడు నాలుగుసార్లు ఆగాను. ఇప్పుడు ఒక్కసారి ఆగుతున్నాను.

వారానికి 150 నిమిషాలు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నడుస్తూ మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలి. 2011లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 120 మంది పెద్దవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి మూడు రోజులు 40 నిమిషాల చొప్పున ఏడాది నడిచింది, ఇంకోటి ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేసింది. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే భాగం నడిచినవాళ్ళలో సుమారు 2 శాతం పెరిగింది, రెండో గుంపులో తగ్గింది. అరవైల్లో కూడా పెరుగుతుందనే మాట చదివి నాకు కళ్ళు చెమర్చాయి. అమ్మను మేము ‘కూర్చో అమ్మా, నీకెందుకు’ అంటూ కదలనివ్వలేదు. అది ప్రేమే అనుకున్నాం.

నడకతోపాటు గుమ్మం పట్టుకుని లేచి కూర్చోవడం పదిసార్లు. ఒంటికాలి మీద నిలబడటం 8 సెకన్లు. కిందపడి తలకు దెబ్బ తగలడమూ ఆ 14 కారణాల్లో ఒకటి కాబట్టి ఈ సెకన్లు కూడా రాస్తున్నాను.

మార్చి 8

ఉప్పు ప్యాకెట్టు ఇవాళ అయిపోయింది. 45 రోజులు. ఇద్దరం. అంటే మనిషికి రోజుకు 11 గ్రాములు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఈ లెక్కలోకి రాలేదు. ఉండాల్సింది మొత్తం కలిపి 5 గ్రాముల లోపు. చేతికొద్దీ వేయడం మాని చెంచాతో కొలుస్తున్నాను. చెంచా నిండితే 5 గ్రాములు, అంటే ఒక మనిషికి రోజంతటికీ అదే. ‘చప్పగా ఉందోయ్’ అన్నారు మా వారు. నిమ్మకాయ పిండి, కొత్తిమీర వేసి, పోపులో వెల్లుల్లి ఎక్కువ చేశాను.

తిండి సంగతి ఇంతకంటే ఎక్కువ రాయను. ఆకుకూర రోజూ, పొద్దున చోడి (రాగి) అంబలి, వారానికి రెండుసార్లు కానాగంత చేపలో నెత్తళ్ళో. వేపుడు తగ్గించి పులుసు పెడుతున్నాను. ఖరీదైన పొడులేవీ కొనలేదు.

మార్చి 19

ఈ ప్రాజెక్టులో ఇవాళ్టిదే పెద్ద రోజు.

డబ్బాలోని పేర్ల కార్డులు ఒక పట్టాన పై గదులకు వెళ్ళడం లేదు. ఎందుకని చూస్తే, కొన్ని పేర్లను నేను మొదటే తప్పు రాసుకున్నాను. మూడో అంతస్తు అమ్మాయి పేరు ‘సరిత’ అయితే ‘హరిత’ అని రాసుకున్నాను. నడకలో పరిచయమైన ఆవిడది ‘శాంత’, నేను రాసింది ‘కాంత’. అంటే మరిచిపోవడం తర్వాతి మాట, అసలు నేను వినలేదు. పూర్ణా మార్కెట్టు గోలలో ఆవిడ మాట్లాడిన పది నిమిషాలూ నేను సగం ఊహించుకుంటూ తలూపానని ఇప్పుడు తెలుస్తోంది.

చెవుల పరీక్షకు వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే నా పాత డ్యూటీ గుర్తొచ్చింది. కాగితం చేతికిచ్చి వివరించారు. లావు స్వరాలు రెండు చెవులకూ బాగానే వినిపిస్తున్నాయి. సన్నని స్వరాలు వచ్చేసరికి గీత కిందకు జారి 45 డెసిబెల్స్ దగ్గర ఉంది. స, శ, ఫ లాంటి హల్లుల శబ్దం ఉండేది అక్కడే. అచ్చులు వినిపిస్తాయి కాబట్టి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏ మాటో తెలియదు.

ట్రంక్ బోర్డు మీద ఇది నాకు రోజూ అనుభవమే. లైను సరిగా లేనప్పుడు అవతలి గొంతు వినిపించేది, మాట అందేది కాదు. అప్పుడు ఊరి పేరు పట్టుకోవడానికే మనసంతా పెట్టాల్సి వచ్చేది. నంబరు రాసుకునేలోపు మొదటి రెండంకెలు జారిపోయేవి. తప్పు నా జ్ఞాపకానిది కాదు, లైనుది. మెదడు కూడా అంతే. వినడానికే శక్తంతా ఖర్చు పెడితే గుర్తు పెట్టుకోవడానికి మిగలదు. పైగా వినిపించని వాళ్ళు మెల్లగా పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తారు, ఫోన్లు మానేస్తారు, ఒంటరి అవుతారు. అమ్మ అలాగే వసారాలో ఒక కుర్చీకి పరిమితమైంది. ఆమె చెవులు ఎవరమూ పరీక్ష చేయించలేదు.

చెవి మిషన్లతో డిమెన్షియా ఆగుతుందా అని అడిగాను. అచీవ్ అనే పరిశోధన గురించి చెప్పారు. 70 నుంచి 84 ఏళ్ళ వాళ్ళు 977 మంది, మూడేళ్ళు, 2023లో ఫలితాలు. మొత్తం మీద చూస్తే తేడా కనిపించలేదు. కానీ గుండె జబ్బుల పరిశోధన నుంచి వచ్చిన, ముప్పు ఎక్కువున్న గుంపులో మిషన్లు పెట్టుకున్నవాళ్ళకు ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది. అందరికీ ఒకేలా పనిచేయదని, మాట వినిపించడమనే లాభం మాత్రం వెంటనే ఉంటుందని నిజాయితీగా చెప్పారు. అది నాకు చాలు.

ఏప్రిల్ 12

46,000 రూపాయలు పెట్టి రెండు చెవులకూ మిషన్లు కొన్నాను. అంతకుముందు వెళ్ళిన ఒక షాపులో, పరీక్ష కాగితం కూడా చూడకుండా, లక్షన్నరది తీసుకుంటే మతిమరుపు రాదని చెప్పారు. ఆ మాట విని లేచి వచ్చేశాను. ఎవరైనా కొనేముందు పరీక్ష చేయించుకోండి. తర్వాత సర్దుబాటుకు ఎన్నిసార్లు రావచ్చో అడగండి. రెండు వారాలు వాడి చూసే వీలుంటే మరీ మంచిది.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. మొదటి పది రోజులు వాటిని సొరుగులో పెట్టేశాను. కుక్కర్ విజిల్ తలలో మోగినట్టుంది, స్టీలు గిన్నెలు భరించలేకపోయాను, నా గొంతే నాకు పరాయిగా ఉంది. తిరిగి తీసుకెళ్తే శబ్దం తగ్గించి సరిచేశారు. మొదటి వారం రోజుకు రెండు గంటలు ఇంట్లో, తర్వాత నాలుగు గంటలు, ఆ తర్వాత బజారు అని పద్ధతి చెప్పారు. ఏళ్ళుగా అందని శబ్దాలకు మెదడు మళ్ళీ అలవాటు పడాలి. అందుకు కొన్ని వారాలు పడుతుంది. ఇప్పుడు రోజుకు తొమ్మిది గంటలు ఉంచుకుంటున్నాను. నిన్న బీచ్‌లో అల వెనక్కి వెళ్ళేటప్పుడు ఇసుక మీద చేసే ‘స్స్’ అనే చప్పుడు విన్నాను. ఆ చప్పుడు ఉండేదన్న సంగతే మరిచిపోయాను.

ఏప్రిల్ 29

ఎదురింట్లోకి బరంపురం నుంచి ఒకావిడ వచ్చారు. కొడుకు ఇక్కడ ఉద్యోగం. ఆవిడకు తెలుగు కొంచెం, నాకు ఒడియా సున్నా. సాయంత్రం గంటసేపు నేర్పిస్తానన్నారు. నేను ‘అపా’ అంటున్నాను, ఒడియాలో అక్క అన్నమాట.

కొత్త భాష మీద నాకు గురి కుదరడానికి హైదరాబాదులో జరిగిన పరిశోధన కారణం. సువర్ణ అల్లాడి గారు, న్యూరాలజిస్టు, నిమ్స్‌లో ఉండగా 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. ఒక్క భాషే వచ్చినవాళ్ళతో పోలిస్తే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. 2013లో ప్రచురించారు. అక్షరం ముక్క రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. మన తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన వీధుల్లోని మనుషుల మీద చేసిన పని అది. అయితే వాళ్ళు చిన్నప్పటి నుంచీ ఆ భాషల్లో బతికినవాళ్ళు. 63లో మొదలుపెడితే అదే లాభం వస్తుందని నేను అనుకోవడం లేదు. కష్టమైనదాన్ని ఒక మనిషితో కూర్చుని నేర్చుకుంటున్నాను. అది యాప్ ఇవ్వలేనిది.

మొదటి కార్డులు: పాణి, నీళ్ళు. లుణ, ఉప్పు. మాఛ, చేప. బసంతు, కూర్చోండి. ‘లవణం’ తెలిసినవాళ్ళకు ‘లుణ’ ఎందుకు కష్టం? రెండు రోజుల్లో మూడో గదికి వెళ్ళింది.

మే 23

రెండో ఉప్పు ప్యాకెట్టు 76 రోజులు వచ్చింది. మనిషికి 6.6 గ్రాములు. ఇంకా ఎక్కువే, కానీ సగం దారి దాటాం. బీపీ వారం సగటు 131/80.

ఎండలు, ఉక్క. నాలుగున్నరకే లేచి వెళ్ళి ఆరింటికల్లా వచ్చేస్తున్నాను. నీళ్ళ సీసా లేకుండా వెళ్ళను.

ఇంట్లో ఒక ఆట మొదలైంది. అవధానంలో ఘంటాగణనం అని ఒక అంశం ఉంటుంది. అవధాని ఒకరికి పద్యం చెబుతూ, ఒకరికి సమస్య పూరిస్తూ ఉండగా మధ్యమధ్య గంట కొడతారు. ఎన్ని గంటలు కొట్టారో చివర్లో చెప్పాలి. ఎనిమిది మంది పృచ్ఛకులు, అన్ని పద్యాలూ ఆఖరున ధారణగా అప్పగించడం, అదంతా మహానుభావుల పని. మేము గంట ఒక్కటీ తీసుకున్నాం. నేను పేపరు పైకి చదువుతుంటే మా వారు చెంచాతో గ్లాసు మీద కొడతారు. చదివిన వార్తలో ఏముందో చెప్పాలి, ఎన్ని దెబ్బలో కూడా చెప్పాలి. మొదట్లో రెండూ పోయేవి. ఇప్పుడు 12 దెబ్బల దాకా నిలుస్తోంది. ఎంత తెలివైన జాతి మనది, మనసుకు కసరత్తును సభలో కూర్చుని చూసే పండగ చేశారు.

జూన్ 18

వైరల్ జ్వరం. పదకొండు రోజులు డబ్బా ముట్టలేదు, నడవలేదు. ఇవాళ తెరిస్తే చూడాల్సిన కార్డులు 140 పేరుకుపోయాయి. టెన్షన్ వచ్చింది. అన్నీ ఒకేసారి చూడబోయి మధ్యలో వదిలేశాను. సాయంత్రం అపా వచ్చి, రోజుకు 25 చాలు, మిగతావి కట్టకట్టి పక్కన పెట్టమని సలహా ఇచ్చారు. అలాగే చేశాను. నడక కూడా చినవాల్తేరు దాకా వెళ్ళి వెనక్కి.

జ్వరంలో చెవి మిషన్లు పెట్టుకోలేదు. మళ్ళీ పెట్టుకోగానే ఇల్లు ఇంత మాట్లాడుతుందా అనిపించింది.

జూలై 13

గిరి ప్రదక్షిణ జనం సద్దుమణిగాక సింహాచలం మెట్లదారిన ఎక్కాను. 32 కిలోమీటర్ల ప్రదక్షిణ చేసే శక్తి నాకు లేదు. వెయ్యికి పైగా మెట్లు, తొమ్మిది చోట్ల కూర్చుని ఎక్కాను. జనవరిలో ఇది నా ఊహలో కూడా లేదు. ఒంటికాలి మీద 21 సెకన్లు.

ఫిన్లండ్‌లో ఫింగర్ అనే పరిశోధన జరిగింది. 60 నుంచి 77 ఏళ్ళ వాళ్ళు 1,260 మంది. రెండేళ్ళపాటు తిండి, వ్యాయామం, మెదడుకు సాధన, బీపీ లాంటివి చూసుకోవడం అన్నీ కలిపి చేయించారు. ఊరికే సలహాలిచ్చి వదిలేసిన వాళ్ళ కంటే వీళ్ళు పరీక్షల్లో మెరుగ్గా చేశారని 2015లో ప్రచురించారు. నా రిజిస్టరు వెనక్కి తిప్పి చూస్తే నేనూ అవే చేస్తున్నాను. బీపీ తగ్గడం వల్ల నడక సులువైందా, నడక వల్ల బీపీ తగ్గిందా అని విడదీయలేకపోతున్నాను. విడదీయాల్సిన అవసరం కూడా నాకు లేదు.

జూలై 31

కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. ఒక ముసలాయన, కోడలు, చేతిలో ఎక్స్‌రే కవరు. కొరాపుట్ వైపు నుంచి వచ్చినట్టున్నారు. ఆర్టీసీ కాంప్లెక్స్‌కు ఏ బస్సు వెళ్తుందని ఆ అమ్మాయి ఒడియాలో అందరినీ అడుగుతోంది. నాకు అర్థమైంది. ఇంత హారన్ల మోతలో నాకు విని అర్థమైంది!

‘బసంతు’ అన్నాను ముందు, బల్ల చూపించి. బస్సు రాగానే ‘ఆసంతు’ అని వాళ్ళతోపాటే ఎక్కాను. నా బస్సు అది కాదు. దారిలో ముసలాయన నాతో చాలా మాట్లాడారు, సగం కూడా తెలియలేదు. ‘కెమితి అఛంతి’ అని అడిగితే మాత్రం నవ్వి ‘భల అఛి’ అన్నారు, ఒళ్ళో ఎక్స్‌రే కవరు పట్టుకుని. ఇంటికొచ్చి అపాకు చెబితే, ఆయన మాట్లాడింది కొండ వైపు యాస అయి ఉంటుందని, రేపటి నుంచి అవీ చెబుతానని అన్నారు.

ఆగస్టు 16

మళ్ళీ డాక్టరు గారి దగ్గరకు. బీపీ సగటు 127/78. బీ12 430. అదే పరీక్ష, మాటలు మాత్రం వేరే. 30కి 28. ఒకసారి రాసిన అలవాటు వల్ల, ఈసారి సరిగా వినిపించడం వల్ల కూడా రెండు మార్కులు పెరగొచ్చని, దీన్నే గొప్పగా తీసుకోవద్దని, ఏటా చూసుకుందామని అన్నారు. నాకూ అదే న్యాయంగా తోచింది. కళ్ళకు శుక్లం మొదలైందేమో చూపించమన్నారు. వచ్చే వారం ఆ పని.

డబ్బాలో ఇప్పుడు 310 కార్డులు. ఐదో గదిలో 118. పూర్ణా మార్కెట్లో కలిసినావిడ పేరు కార్డు కూడా అక్కడే ఉంది. ఆవిడ ఫోన్ నంబరు సంపాదించి మాట్లాడాను. పాత ఆపరేటర్లం ఆరుగురం నెలకోసారి కలుసుకోవాలని అనుకున్నాం. మొదటిసారి శివాజీ పార్కులో, పొద్దున్న, గోల లేని వేళ చూసి. ముగ్గురికి సరిగా వినిపించడం లేదని ఫోన్లోనే తెలిసింది.

రాత్రి భోజనాల దగ్గర టీవీ శబ్దం మామూలుగానే ఎక్కువ ఉంది. నేను మిషన్లు తీసేసి పక్కన పెట్టుకున్నాను, భరించలేక. మా వారు వాటిని చేతిలోకి తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. ఏడు నెలలుగా ‘మీరే మెల్లగా మాట్లాడతారు, నాకు బాగానే వినిపిస్తుంది’ అంటున్న మనిషి.

‘ఏమోయ్, నిన్న మనవడు ఫోన్లో ఏమన్నాడు?’ అని అడిగారు.

‘తాతయ్యా, నా మాట వినిపిస్తోందా అని మూడుసార్లు అడిగాడండి.’

టీవీ కట్టేశారు. సోమవారం పదిన్నరకు చెవుల పరీక్షకు ఆయన పేరు రాయించాను. ఆటో అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను, నంబరు చూడకుండా.